నేను కొలిచిన రెండు డిస్కులు

మా ఇంట్లో కంప్యూటర్ స్విచ్ నొక్కి వంటింట్లోకి వెళ్ళి, బియ్యం కడిగి, కుక్కర్ పొయ్యి మీద పెట్టి తిరిగి వచ్చేసరికి తెర మీద బొమ్మ వచ్చేది. మౌస్ కదలాలంటే ఆ తర్వాత ఇంకాసేపు ఆగాల్సి వచ్చేది. మా కాలేజీ ఆఫీసులో పనికిరాదని పక్కన పడేసిన కంప్యూటర్ అది. ప్రిన్సిపాల్ సారును అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. పక్క రేకు విప్పి, లోపలి దుమ్మును పెయింట్ బ్రష్‌తో దులిపి, ర్యామ్ ముక్కను బయటికి తీసి పిల్లలు వాడే రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్ళీ బిగిస్తే, బీప్‌మని లేచింది. ఆ రోజు నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. ఎనిమిదేళ్ళయింది.

నాది ప్రొద్దుటూరు, చేవెళ్లకు దగ్గర్లోని చిన్న ఊరు. మా బాపు ఇప్పటికీ అక్కడ కూరగాయలు పండిస్తాడు. నేను చేవెళ్లలో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక మొయినాబాద్‌లో కాపురం పెట్టాను. ఉద్యోగం మాత్రం చేవెళ్లలోనే, ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో. టీసీలు, బోనఫైడ్లు, ఫీజు రసీదులు, మార్కుల మెమోలు అన్నీ నా టేబుల్ మీదుగా వెళ్తాయి. మా ఆయన చందనవెల్లిలో ఒక డేటా సెంటర్‌లో ఎలక్ట్రీషియన్. వేల కంప్యూటర్లున్న చోట పని చేసేది ఆయన, ఇంట్లో కంప్యూటర్ విప్పి కూర్చునేది నేను. ఏదైనా అడిగితే, "నా పని కరెంటు వరకే. లోపల ఏం నడుస్తదో నాకు తెల్వదు, నన్ను అడగకు" అంటాడు.

నేను కంప్యూటర్ కోర్సు ఏదీ చదవలేదు. విప్పడం, చూడడం, మళ్ళీ బిగించడం. ఒకసారి తప్పు బిగిస్తే రెండోసారి సరిగ్గా బిగించడం. అంతే నా చదువు.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం నగరానికి వెళ్ళినప్పుడు, హార్డ్ డిస్కు బదులు వాడే కొత్త రకం డిస్కు, చిన్న ఎస్‌ఎస్‌డి ఒకటి కొని తెచ్చాను. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చౌకైనది. చేతిలో పెట్టుకుంటే బరువే లేదు. మా పాత హార్డ్ డిస్కు ఇటుక ముక్కలా ఉంటుంది, నడుస్తుంటే లోపల పళ్ళెం తిరిగే చప్పుడు, ముల్లు అటూ ఇటూ వెతుక్కునే టికటిక వినిపిస్తుంది. కొత్తదాంట్లో తిరిగేది ఏమీ లేదు, చప్పుడూ లేదు. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఏమన్న ఉన్నదా, ఖాళీ డబ్బా ఇచ్చిండా?"

"ఉన్నది. నువ్వు ఫోన్ల స్టాప్‌వాచ్ తీసి పట్టుకో" అన్నాను.

ఆ మధ్యాహ్నమంతా కొలతలే. ముందు పాత హార్డ్ డిస్కు మీద స్విచ్ నొక్కినప్పటి నుంచి పని మొదలు పెట్టగలిగేదాకా ఎంతసేపు పట్టిందో ఆయన చెప్పాడు. రెండు నిమిషాల ఇరవై సెకన్లు. తర్వాత ఆ కేబుళ్ళు ఊడదీసి ఎస్‌ఎస్‌డికి తగిలించి, దానిలో అన్నీ కొత్తగా ఎక్కించి మళ్ళీ కొలిచాం. పద్దెనిమిది సెకన్లు. ఆయన ఫోన్ వంక చూసి, తెర వంక చూసి, "నేను ఒత్తుడు తప్పిందేమో, ఇంకోపారి చూద్దాం" అన్నాడు. మళ్ళీ పద్దెనిమిదే. పెద్ద మార్కుల పట్టిక తెరవడం, ఫొటోల ఫోల్డర్ తెరవడం, అన్నీ కొలిచాను. పొడుగు నోటుబుక్కులో రెండు గళ్ళు గీసి రాసుకున్నాను. నా జీవితంలో నేనే అడిగి, నేనే కొలిచి, నేనే జవాబు కనుక్కున్న మొదటి ప్రశ్న అది. ఆ ఆనందం పట్టలేక ఆ పేజీని ఫొటో తీసి మా కాలనీ గ్రూపులో పెట్టేశాను.

మా కాలనీ గ్రూపులో ఎప్పుడూ నీళ్ళ ట్యాంకర్ల గురించి, కరెంటు పోవడం గురించే మాటలు. నా పేజీకి నలుగురైదుగురు బొటనవేలు గుర్తులు పెట్టారు. సాయంత్రానికి మా సందు చివరి ఇంటి మేడం దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఆమెది కోస్తా. పెళ్ళయిన కొత్తలో హైదరాబాద్ వచ్చి, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరయ్యి, ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నారు. అప్పటివరకు మా ఇద్దరి మధ్య పలకరింపు నవ్వు తప్ప మాటల్లేవు. ఆమె రాసింది రెండే వాక్యాలు: "కొలిచిన పద్ధతి సరిగా లేదండి. ఇలా పోలిస్తే ఎస్‌ఎస్‌డి ఎంత బాగుందో తెలియదు, హార్డ్ డిస్క్ ఎంత పాడయిందో తెలుస్తుంది."

అందరూ చదివే చోట రాశారు. నాకు చెవులు వేడెక్కాయి. బస్టాపుకు వెళ్ళాలంటే ఆమె ఇంటి ముందు నుంచే వెళ్ళాలి. రెండు రోజులు నేను వెనక సందు నుంచి చుట్టు తిరిగి వెళ్ళాను. ఆమె రాసింది నిజం కావచ్చన్న అనుమానం మొదటి రోజే వచ్చింది. అయినా చుట్టు తిరిగే వెళ్ళాను. మూడో రోజు చేవెళ్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ రెండు వాక్యాలనూ మళ్ళీ మళ్ళీ చదివాను. కోపం తగ్గేకొద్దీ ఒకటే మిగిలింది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలి. సాయంత్రం దిగగానే నేరుగా ఆమె గేటు దగ్గరికి వెళ్ళి బెల్ కొట్టాను.

తలుపు తీసి నన్ను చూడగానే ఆమె మొహం చిన్నబోయింది.

"మీరు బాధపడ్డారేమోనని నేనే వద్దామనుకున్నానండి. గ్రూపులో అలా రాసి ఉండకూడదు."

"రాసింది మంచిగనే ఉన్నది మేడం. నేను ఎక్కడ తప్పు చేసిన్నో జర చెప్పండి."

ఆమె నన్ను లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి చెప్పారు. "మీ హార్డ్ డిస్కులో ఏళ్ళ తరబడి పోగైన చెత్త ఉంది. ఎస్‌ఎస్‌డిలో అన్నీ కొత్తగా ఎక్కించారు. మూటలు మోస్తున్న మనిషినీ, ఉత్త చేతులతో ఉన్న మనిషినీ పరుగు పందెంలో దింపినట్టయింది కదా. ఇంకోటి, ఒక ఫైలు ఒకసారి తెరిచాక దాని కాపీ ర్యామ్‌లో ఉండిపోతుంది. రెండోసారి తెరిస్తే డిస్కు దాకా వెళ్ళదు. మీరు ఎస్‌ఎస్‌డి మీద రెండుసార్లు తెరిచి, తక్కువ వచ్చింది రాసుకున్నారా?"

రాసుకున్నాను. తల ఊపాను.

"మరి పందెం సరిగ్గా పెట్టాలంటే ఎట్ల మేడం?"

"రెండూ ఖాళీ చెయ్యండి. రెండిట్లో ఒకే సరుకు ఎక్కించండి. ప్రతిసారీ కంప్యూటర్ పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. ఒక్కోటి ఐదుసార్లు కొలవండి. నచ్చినా నచ్చకపోయినా ఐదూ రాయండి."

చివరి మాట నాకు బాగా నచ్చింది.

ఆ నెలలో మూడు ఆదివారాలు నా టేబుల్ మీద ఆ కంప్యూటర్ పక్క రేకు లేకుండానే ఉంది. ముందు నా ఫైళ్ళన్నీ వేరే చోట దాచుకున్నాను. రెండు డిస్కుల్లో ఉన్నదంతా తుడిచేశాను. అదే కంప్యూటర్, అదే కేబుల్, అవే ప్రోగ్రాములు, అదే క్రమంలో ఎక్కించాను. మా ఆయనకు స్టాప్‌వాచ్ డ్యూటీ. ఐదోసారికి ఆయనకు విసుగొచ్చింది.

"నాలుగుసార్లు ఒక్కటే వచ్చింది గదా. ఐదోది కూడ గదే రాసుకోరాదు?"

"కొలిచి రాస్తే కొలత. అనుకొని రాస్తే అబద్ధం" అన్నాను.

ఆయన మళ్ళీ బొటనవేలు ఫోన్ మీద పెట్టాడు.

ఈసారి లెక్కలు మారాయి. చెత్త లేకుండా శుభ్రంగా ఉన్న హార్డ్ డిస్కు నిమిషంపావుకే సిద్ధమైంది. ఎస్‌ఎస్‌డికి ఇరవై రెండు సెకన్లు. నేను గొప్పగా చెప్పుకున్న తేడా సగం కూడా మిగల్లేదు. ఆశ్చర్యంగా, ఈ చిన్న తేడా నాకు మొదటిదాని కన్నా పెద్దగా అనిపించింది. ఇది నిలబడే లెక్క. పాత పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, కొత్త పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టి కింద రాశాను: మొన్న నేను పెట్టిన లెక్క తప్పు, సరైనది ఇది, తప్పు చూపించింది మన సందు చివరి మేడం.

మా ఆయన అది చదివాడు. "తప్పయిందని నువ్వే అందరికి చెప్పుకోవాల్నా?"

"తప్పు పెట్టింది నేనే గదా. ఇంకెవరు చెప్తరు?"

పది నిమిషాల్లో మేడం ఫోన్ చేశారు. "మా ఆఫీసులో ఈ పని చేయించడానికి నాకు మూడు మీటింగులు పడతాయి" అని నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె నన్ను నువ్వు అనడం మొదలుపెట్టారు. నేను అక్కా అన్నాను.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. మా కాలేజీ వార్షికోత్సవం వీడియోలు ఫొటోగ్రాఫరు ఒక బయటి డిస్కులో ఇచ్చాడు. చాలా పెద్ద ఫైళ్ళు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. ఎలాగూ చేయాల్సిందే కాబట్టి ఇంటికి తెచ్చి, నా రెండు డిస్కుల మీదా ఎక్కించి కొలుద్దామనుకున్నాను. జవాబు ముందే తెలుసన్న ధీమా నాకు. మొదట రెండూ ఒకేలా పరుగెత్తాయి. బయటి డిస్కు ఎంత వేగంగా ఇస్తే అంత వేగంగా తీసుకున్నాయి. హార్డ్ డిస్కు అలాగే టికటికమంటూ పావుగంటలో పని ముగించింది. ఎస్‌ఎస్‌డి మూడో వంతు దాకా బాగానే వచ్చింది. అక్కడ తెర మీద కాపీ వేగం చూపించే గీత దబ్బున కిందికి పడిపోయింది. ఇక అక్కడి నుంచి డేకుడే. అరగంట దాటినా అవ్వలేదు.

నేను మళ్ళీ ఏదో తప్పు చేశానని అనుకున్నాను. కేబుల్ మార్చాను. వేడెక్కిందేమోనని టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని ఎదురుగా పెట్టాను. తుడిచేసి, కంప్యూటర్ ఆపి, చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. వీడియోలకు బదులు ఫొటోల మూట పెట్టాను. ఐదుసార్లూ దాదాపు అక్కడికే వచ్చి పడిపోయింది. ఐదూ రాసుకున్నాను. అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"అలా జరగదే. ఎంత చౌక ఎస్‌ఎస్‌డి అయినా హార్డ్ డిస్క్ కంటే నయంగానే ఉంటుంది. నీ కేబుల్‌లో ఏదో ఉంది."

"కేబుల్ మార్చిన అక్కా. ఫ్యాన్ పెట్టిన. ఐదుసార్లు చూసిన. గట్లనే పడిపోతున్నది. మీరు వచ్చి చూడండి."

ఆ తర్వాతి ఆదివారం పదకొండు గంటలకు ఆమె మా ఇంటికి వచ్చారు. మా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. బాపు పంపిన చిక్కుడుకాయల సంచి పక్కనే ఉంటే, కాపీ నడుస్తుండగా ఇద్దరం ఈనెలు తీస్తూ కూర్చున్నాం. గీత పైనే ఉంది. ఐదు నిమిషాలైంది. అప్పటికి ఆమె మొహంలో, నేను చెప్పానుగా అన్న చిరునవ్వు మొదలైంది. ఈ ఒక్కసారి పడకపోతే నా మాట ఏమవుతుంది?

గీత పడిపోయింది.

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఇంకోసారి నేను చేస్తాను" అన్నారు. నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. ఆమె తన చేత్తో తుడిచి, ఆపి, మొదలుపెట్టి చూశారు. మళ్ళీ అక్కడే పడింది. హార్డ్ డిస్కు మీద కూడా తనే చేసి చూశారు. అది పావుగంటలో అయిపోయింది. ఆ తర్వాత ఆమె ఫోన్ తీసి ఏదో చాలాసేపు చదివారు. మా ఆయన టీ పెట్టి తెచ్చి ఇస్తే, అటు చూడకుండానే అందుకున్నారు.

"ఇదిగో" అన్నారు చివరికి. "చౌకవాటిలో కొంత భాగాన్ని మాత్రం వేగంగా రాసుకునేలా పెడతారట. వచ్చిన సరుకంతా ముందు అందులో పడుతుంది. అది నిండిందంటే, పాతది సర్దుకుంటూ కొత్తది తీసుకోవాలి. అందుకే నత్తనడక."

నాకు వెంటనే అర్థమైంది. "మా బాపు మార్కెట్ల కూరగాయలు దించినట్టే అక్కా. షెడ్డు ముంగట జాగ ఉన్నంతసేపు బండ్లు గబగబ ఖాళీ అయితయి. ముంగట నిండినంక, లోపలికి మోసి పేర్చుకుంట దించాలె. ఇగ ఒక్కో సంచికి ఒక్కో గడియ."

"సరిగ్గా అదే." ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి నా నోటుబుక్కు తీసుకుని, ఐదు వరసలూ వేలితో తడుముతూ చదివారు. "ఇరవై ఐదేళ్ళుగా ఈ రంగంలో ఉన్నాను. మా ఆఫీసులో ఖరీదైనవే వాడతారు. ఇలాంటి చిన్నదాని ముందు కూర్చుని చూడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. అలా జరగదని చెప్పేశాను చూడు. నువ్వు కూర్చుని చూశావు. ఇవాళ నువ్వే నాకు నేర్పావు."

ఆమె వెళ్ళాక మా ఆయన చిక్కుడుకాయల గిన్నె లోపలికి తీసుకెళ్తూ, "గంత పెద్ద మేడంకు నువ్వు నేర్పినవా?" అన్నాడు. నేను నోటుబుక్కు తెరిచి ఆ రోజు కొలతలు కూడా రాసుకున్నాను. ఆ కూర ఆ రోజు ఆయనే వండాడు.

కొన్నాళ్ళకు కాలేజీలో ప్రిన్సిపాల్ సారు పిలిచారు. అడ్మిషన్ల రోజుల్లో ఆఫీసు కంప్యూటర్లు కదలక, తల్లిదండ్రులు వరండాలో నిలబడి నిలబడి కోప్పడ్డారు.

"గవన్నీ తీసేసి కొత్తయి తెప్పియ్యమంటున్నరు. నువ్వేమంటవమ్మా?"

"వద్దు సార్. అవి మంచిగనే ఉన్నయి. లోపల డిస్కు ఒక్కటి మారిస్తే సాలు."

"గంత గట్టిగ ఎట్ల చెప్తున్నవ్?"

"కొలిచిన సార్."

మర్నాడు నోటుబుక్కు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన పక్కన ఫిజిక్స్ లెక్చరర్ సారు కూర్చుని ఉన్నారు. ఆయన పేజీలు తిప్పుతూ, కొట్టేసిన మొదటి పేజీ దగ్గర ఆగి, "ఇదెందుకు కొట్టేసినవ్?" అని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన ప్రిన్సిపాల్ సారు వైపు తిరిగి, "చేయనియ్యండి సార్" అన్నారు.

దసరా సెలవుల్లో ఆరు కంప్యూటర్లు నేనొక్కదాన్నే విప్పాను. ఆఫీసులో ఫ్యాను చప్పుడు, స్క్రూలు పెట్టుకున్న స్టీలు పళ్ళెం, నేను. రోజూ పొద్దున బస్సులో వెళ్ళి రెండేసి చొప్పున పూర్తి చేశాను. రోజూ వాడే పని అంతా ఎస్‌ఎస్‌డి మీదికి మార్చాను. పాత హార్డ్ డిస్కులను పారెయ్యనివ్వలేదు. వాటిని తుడిచి, పాత రికార్డులకూ వార్షికోత్సవాల వీడియోలకూ కేటాయించాను. పెద్ద సరుకు ఒకేసారి దించుకోవడంలో అవి ఏం తక్కువ కాదని నాకు తెలుసు. సెలవుల తర్వాత మొదటి రోజు ఒక పెద్దాయన మనవరాలి టీసీ కోసం వచ్చి, చాలాసేపు పడుతుందనుకుని బెంచీ మీద కండువా పరుచుకోబోతుంటే, కాగితం చేతికిచ్చాను. ఆయన రెండు వైపులా తిప్పి చూసి, "అయిపోయిందా బిడ్డా? ముద్ర గిట్ల మర్చిపోలేదు గదా?" అన్నాడు.

ఆ నెలలోనే ఫిజిక్స్ సారు నన్ను ఫస్టియర్ క్లాసుకు రమ్మన్నారు. కొలతలు, పొరపాట్లు అనే పాఠానికి నా పేజీలు చూపిస్తానని, వాటి గురించి నేనే చెప్పాలని అన్నారు. పదేళ్ళుగా ఆ క్లాసు రూముల హాజరు పట్టీలు నా చేతిలోకి వస్తున్నాయి గానీ, బోర్డు ముందు నేను ఎన్నడూ నిలబడలేదు. తప్పు లెక్కతో మొదలుపెట్టాను. పిల్లలు నవ్వారు. చుట్టు తిరిగి బస్టాపుకు వెళ్ళిన సంగతి కూడా చెప్పేశాను. ఇంకా నవ్వారు. గీత ఐదుసార్లు పడిన పేజీ చూపించేసరికి నవ్వు ఆగింది. వెనక బెంచీల వాళ్ళు ముందుకు వంగారు.

చివర్లో ఒక అమ్మాయి లేచి, "ఇప్పుడు రెండిట్ల ఏది మంచిది మేడం?" అని అడిగింది.

"ఏ పనికి?" అన్నాను.

ఆ అమ్మాయి ఆలోచనలో పడింది. సారు వెనక గోడకు ఆనుకుని నవ్వారు. అంతలో బెల్లు మోగింది. కిందికి దిగి వచ్చేసరికి ఆఫీసు కిటికీ దగ్గర బోనఫైడ్ల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. కుర్చీ లాక్కుని, మొదటి పిల్ల పేరు అడిగాను.